గడ్డి లెక్క పౌండ్లలో చెప్పాలి

కొలరాడో అనగానే మనవాళ్లకు మంచుకొండలు గుర్తొస్తాయి. నా ఉద్యోగం ఆ కొండలకు తూర్పున, వయోమింగ్, నెబ్రాస్కా హద్దుల దాకా పరుచుకున్న పొట్టిగడ్డి మైదానంలో. ఏడాదికి 340 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా పడే వాన. దీనికంటే మా అనంతపురమే నయం. బ్లూ గ్రామా, బఫెలో గ్రాస్ అనే మొండి గడ్డిజాతులు ఇక్కడి ఆస్తి. వాటిని పెళ్లగించి సేద్యం చేయబోయినవాళ్లలో చాలామంది 1930ల కరువులో, దుమ్ము తుపాన్లలో పొలాలు వదిలి వెళ్లిపోయారు. ఆ అనుభవం తర్వాతే, 1937లో, నన్ అనే చిన్న ఊరి దగ్గర సెంట్రల్ ప్లెయిన్స్ ఎక్స్‌పెరిమెంటల్ రేంజ్ అనే పరిశోధన కేంద్రం పెట్టారు. తక్కువ మేపితే ఏమవుతుంది, ఎక్కువ మేపితే ఏమవుతుంది అన్న లెక్క అక్కడ 1939 నుంచీ రాస్తూనే ఉన్నారు.

ఇలాంటి లెక్కలను పశువులు మేపే రాంచర్లకూ, పట్నాల్లో ఉండే జనానికీ చేరవేయడం నా పని. అమెరికాలో 1914 నాటి స్మిత్-లీవర్ చట్టం పుణ్యమా అని వ్యవసాయ విశ్వవిద్యాలయాలకు విస్తరణ విభాగాలు వచ్చాయి. నాలాంటివాళ్లకు జీతం వచ్చేది ఆ దారినే.

ఈ పనికి కొన్ని మర్యాదలున్నాయి, ఏ పుస్తకంలోనూ దొరకవు. రాంచర్‌ని "మీకు ఎన్ని పశువులున్నాయి?" అని అడగకూడదు. అది బ్యాంకులో ఎంత దాచావని అడగడమే. మా సీమలో గొర్రెల కాపరి కూడా ఆ ప్రశ్నకు నవ్వి ఊరుకుంటాడు. ఆవులు ఈనే రోజుల్లో సమావేశం పెట్టకూడదు, పెట్టినా ఎవరూ రారు. హాల్లో పటాలు చూపించి చెప్పే గంట కంటే, పికప్ ట్రక్కు పక్కన నిలబడి, కాలి కింది గడ్డిని వేళ్లతో విడదీసి చూపించే పది నిమిషాలు ఎక్కువ పనిచేస్తాయి. అన్నిటికంటే ముఖ్యం, శాతాల్లో మాట్లాడకూడదు. ఇక్కడ భాష పౌండ్లు, డాలర్లు, ఎకరాలు.

ఈ మాటకు ఉదాహరణ ఆ నన్ కేంద్రంలోనే జరిగిన ప్రయోగం. పశువులను పెద్ద మందగా కట్టి, ఒక బీడు తర్వాత ఇంకో బీడుకు తోలుతూ, మిగతా బీళ్లకు విశ్రాంతి ఇస్తే గడ్డి బాగుపడుతుందని రాంచర్లలో చాలామంది నమ్మకం. 2013లో ఈ పద్ధతిని ప్రచారం చేసే అలన్ సేవరీ టెడ్ ప్రసంగాల వేదిక మీద, ఇలా మేపితే ఎడారులే పచ్చబడతాయన్నట్టు మాట్లాడాక ఆ నమ్మకం ఇంకా గట్టిపడింది. పరిశోధకుల్లో చాలామందికేమో అది ప్రయోగాల్లో రుజువైన మాట కాదు. ఇద్దరూ చెరో మూల నుంచి వాదించుకునే బదులు, ప్రభుత్వ వ్యవసాయ పరిశోధన సంస్థ ఏఆర్‌ఎస్ ఆ ప్రసంగానికి ముందే, 2012లో, పదకొండుమందిని ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టింది. అందులో రాంచర్లున్నారు, ప్రభుత్వ భూముల అధికారులున్నారు, పక్షుల కోసం, ప్రకృతి కోసం పనిచేసేవాళ్లున్నారు. ఎన్ని పశువులను వదలాలో, మందను ఎప్పుడు కదపాలో వాళ్లే తేల్చారు. శాస్త్రవేత్తలు కొలిచి చెప్పారు.

2014లో మేపు మొదలైంది. ఒక్కోటి 130 హెక్టార్లుండే పది బీళ్లలో ఒకే పెద్ద మంద తిరిగింది. వాటికి జోడీగా ఎంచిన మరో పది బీళ్లలో అన్నే పశువులను విడివిడిగా పంచి, మే నెల నుంచి అక్టోబరు దాకా ఎక్కడివక్కడే ఉంచారు. ఐదేళ్ల ఫలితాలు 2020లో అచ్చయ్యాయి. గడ్డిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. తిరిగిన మందలోని కోడెలు మాత్రం పన్నెండు నుంచి పదహారు శాతం తక్కువ బరువు పెరిగాయి. కారణం అర్థం కానిదేమీ కాదు. కిక్కిరిసిన మందలో పశువుకు మంచి పరక ఏరుకుని తినే తీరిక ఉండదు, ముందున్నది మేస్తూ పోతుంది. మేతలో మాంసకృత్తులు తగ్గుతాయి.

ఈ సంగతి నేను రాంచర్లకు చెప్పే తీరు ఇది. ఒక కోడె వేసవి మొత్తానికి 250 పౌండ్లు పెరుగుతుందనుకుందాం. పద్నాలుగు శాతం అంటే తలకు 35 పౌండ్లు. రెండు వందల తలలుంటే ఏడు వేల పౌండ్లు. అంతవరకే చెప్పి ఆగుతాను. ధర ఎంతుందో వాళ్లకు నాకంటే బాగా తెలుసు.

వెంటనే ఎవరో ఒకరు లేస్తారు. "మా నాన్న హయాం నుంచీ తిప్పే మేపుతున్నాం, నా బీడు బాగానే ఉంది" అంటారు. ఆ మాట కొట్టిపారేయకూడదు. ప్రయోగంలో కొలిచింది ఏడాది వయసు కోడెల బరువు, ఈ నేల మీద, ఆ ఐదేళ్ల వానల్లో. ఆయన దగ్గరున్నవి ఆవులూ దూడలూ కావచ్చు. నీటి తొట్టి ఎక్కడుంది, కంచెలు ఎలా ఉన్నాయి, కరువుకు దాచిన బీడు ఏది అన్నవన్నీ ఆయన లెక్కలో ఉంటాయి. తిప్పి మేపడం దండగని ఆ పరిశోధన తేల్చలేదు. తిప్పితే ఖర్చు లేకుండా లాభం వస్తుందన్న ఆశ నిజం కాదని తేల్చింది. ఈ తేడా విడమరిచి చెప్పినప్పుడు, ఒప్పుకోనివాళ్లు కూడా కూర్చుని వింటారు.

పట్నం జనానికి చెప్పడం ఇంకో రకం కష్టం. డెన్వర్ నుంచి, ఫోర్ట్ కాలిన్స్ నుంచి పానీ నేషనల్ గ్రాస్‌ల్యాండ్‌కు పక్షులు చూడటానికి వస్తారు. అది ప్రభుత్వ భూమి, పర్మిట్ల మీద పశువులు మేస్తాయి. ఆవులు నేలను పాడుచేస్తున్నాయా, కాపాడుతున్నాయా అని ఒక్క మాటలో తేల్చమంటారు. వాళ్లకు నేను పక్షులతోనే జవాబు చెబుతాను. మౌంటెన్ ప్లోవర్ గూడు పెట్టాలంటే నేల దాదాపు బోడిగా ఉండాలి, గట్టిగా మేపిన చోటు దానికి ఇష్టం. గ్రాస్‌హాపర్ స్పారోకు ఎత్తైన గడ్డి కావాలి. రెండూ బతకాలంటే మైదానమంతా ఒకేలా ఉండకూడదు. ఎక్కడ, ఎన్ని, ఎప్పుడు అని అడిగితే తప్ప ఆవు మంచిదా చెడ్డదా అన్నది తేలదు. ఈ కొలరాడో రాష్ట్రపక్షి లార్క్ బంటింగ్ కూడా ఈ మైదానం పక్షే అని చెబితే శ్రద్ధ ఇంకాస్త పెరుగుతుంది.

అనుమానం ఉన్నచోట అనుమానం ఉందని చెప్పడమూ ఈ వృత్తిలో భాగమే. 2018 నుంచి గ్రాస్-కాస్ట్ అనే అంచనా వస్తోంది. ఈ వేసవిలో ఏ ప్రాంతంలో గడ్డి ఎంత పెరగవచ్చో చెబుతుంది. ఒకే జవాబు ఇవ్వదు, మూడు పటాలు ఇస్తుంది. రాబోయే వాన మామూలుకన్నా ఎక్కువైతే ఇది, మామూలుగా ఉంటే ఇది, తక్కువైతే ఇది. మూడు జవాబులిస్తే రాంచర్లు విసుక్కుంటారని మొదట్లో కొందరు సహోద్యోగులు భయపడ్డారు. వాననే నమ్ముకుని బతికేవాళ్లకు మూడు దారులూ ముందే తెలుసు. మూడో పటం చూసి, ఏ నెలలో ఎన్ని పశువులను అమ్మాలో ముందే రాసి పెట్టుకునేవాళ్లున్నారు.

మన దగ్గర గొర్రెల మేత మీద, బీడు భూముల మీద పరిశోధన చేస్తున్న యువతకు నా విన్నపం ఒకటే. ఫలితం వచ్చాక కాపరికి ఎలా చెప్పాలా అని ఆలోచించకండి. ప్రశ్న తయారయ్యే రోజునే ఆయన్ను పిలిచి కుర్చీ వేయండి. తనూ కలిసి అడిగిన ప్రశ్నకు వచ్చిన జవాబు తనకు నచ్చనిదైనా మనిషి వింటాడు.