కొంగుచాటు నవ్వు

మా పెళ్ళి ఆల్బంలో ఒక్క ఫొటోలోనూ నేను నవ్వుతూ కనబడను. మాది నల్గొండ జిల్లా మునుగోడు దగ్గర పల్లెటూరు. చిన్నప్పుడు బోరింగు నీళ్ళే తాగాం. లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు మించకూడదట. మా బోరింగులో ఎంతుండేదో అప్పుడెవరికి తెలుసు! నా ముందుపళ్ళ మీద గోధుమరంగు చారలు పడ్డాయి. "పళ్ళు తోముకోదేమో" అని అత్తవారింట్లో ఎవరో అన్న మాట ఇంకా చెవిలోనే ఉంది. పళ్ళు తయారయ్యే వయసులో, అంటే ఎనిమిదేళ్ళలోపు, పడే మచ్చలవి. ఎంత తోమినా పోవు.

పోయిన ఏడాది అమ్మాయి పెళ్ళి కుదిరింది. "అమ్మా, నా పెళ్ళి ఫొటోల్లోనైనా నవ్వు" అంది. సరేనని డాక్టరు దగ్గరికి వెళ్ళాను. "ఆరు పళ్ళకీ క్యాపులు వేసేద్దాం, ముత్యాల్లా ఉంటాయి" అన్నారాయన. సంబరపడిపోయాను. "క్యాపు ఎలా వేస్తారట?" అని మావారు అడిగారు. నాకు తెలిస్తేగా చెప్పడానికి!

అందుకని మరో డాక్టరమ్మని అడిగాను. క్యాపు తొడగాలంటే పంటిని చుట్టూ అరగదీయాలట. పోయిన ఎనామిల్ మళ్ళీ పెరగదట. నా గుండె ఝల్లుమంది. "విరిగిన పంటికో, రూట్ కెనాల్ చేసిన పంటికో అయితే క్యాపు మంచిదే. మీ పళ్ళు గట్టిగా ఉన్నాయి, మచ్చ పైపైనే ఉందండీ" అన్నారావిడ.

తేలికదానితో మొదలుపెడదామన్నారు. మైక్రో అబ్రేషన్ అని, మందు రాసి పైపొరను బహు పల్చగా రుద్దుతారు. ఇంకా మచ్చ మిగిలితే పంటిరంగు కాంపోజిట్ పూత. ఖర్చు తక్కువే కానీ టీ, కాఫీలకు రంగు మారొచ్చు, కొన్నేళ్ళకు మళ్ళీ వేయించుకోవాలి. ఆ తర్వాతది వెనీర్, అంటే పంటి ముందువైపు అతికించే పల్చటి పింగాణీ రేకు. దానికీ కాస్త అరగదీయాల్సి రావచ్చు, ఖర్చూ ఎక్కువే. క్యాపు చిట్టచివరి మాట.

నాకు రెండుసార్లు రుద్ది, రెండు పళ్ళకు కాంపోజిట్ వేశారు. ఒక పంటి అంచున లేత చార ఇంకా ఉంది. ఉంటే ఉండనీ అనుకున్నాను.

పళ్ళు బాగుచేయించుకోవాలనుకునే అక్కచెల్లెళ్ళకు ఒక్క మాట. "దీనికి నా పన్ను ఎంత అరగదీస్తారు?" అని ముందే అడగండి. అడగడానికి మొహమాటపడకండి.

అమ్మాయి తలంబ్రాల ఫొటోలో నేను నోరారా నవ్వుతున్నాను. కాకపోతే కొంగు పట్టుకున్న చేయి, పాత అలవాటుకొద్దీ, సగం దాకా లేచే ఉంది!