అరనిమిషం ఆలస్యంగా అక్షింతలు

నాంపల్లి స్టేషన్ రోడ్డులో నాకో చిన్న డీటీపీ షాపు ఉంది. శుభలేఖలు, విజిటింగ్ కార్డులు, గృహప్రవేశం ఆహ్వానాలు... పాతికేళ్లుగా ఇదే పని. 'సకుటుంబ సపరివార సమేతముగా విచ్చేసి' అని ఎన్ని వేలసార్లు కొట్టానో లెక్కలేదు. అలాంటిది, 2020 శ్రావణంలో మా అమ్మాయి పెళ్లికి శుభలేఖ కంపోజ్ చేద్దామని కూర్చుంటే చెయ్యి ఆడలేదు. 'విచ్చేసి' అని కొట్టడానికి వీల్లేదు మరి! పెళ్లికి యాభై మందికి మించకూడదన్న కరోనా రోజులవి. చివరికి 'మీ ఇంటి నుండియే ఆశీర్వదించ ప్రార్థన. లింకు వాట్సాప్‌లో పంపగలము' అని కొట్టాను. నా సర్వీసులో అలాంటి శుభలేఖ అదే మొదటిది.

చుట్టాలంతా సర్దుకున్నారు. సర్దుకోలేకపోయింది ఒక్క మా అమ్మే. అప్పటికి ఎనభై రెండేళ్లు. తెనాలిలో తమ్ముడి దగ్గర ఉండేది. అరవై అయిదు దాటినవాళ్లు ఇల్లు కదలొద్దని ప్రభుత్వమే చెబుతుంటే, ఉబ్బసం ఉన్న మనిషిని ఏ ధైర్యంతో రమ్మంటాం? నేనూ మా ఆవిడా షాపులో ఉంటే, ఇంటర్ దాకా మా అమ్మాయిని పెంచింది ఆవిడే. ''నా చేతుల్లో పెరిగిన పిల్ల మెడలో తాళి పడటం చూడకుండానే పోతానేమోరా'' అంది ఫోన్లో. ''నీ కళ్లకు చూపించే పూచీ నాది'' అన్నాను.

ఆ పూచీ నిజానికి మా వీడియో అతనిది. పెళ్లి నాలుగు రోజులుందనగా అతనికి జ్వరం వచ్చింది, పాజిటివ్ అన్నారు. ఇంకొకరిని పిలుద్దామంటే ఎవరూ దొరకలేదు. వాట్సాప్ వీడియో కాల్‌లో అప్పట్లో ఎనిమిది మందే పట్టేవారు. యూట్యూబ్‌లో ఫోన్ నుంచి లైవ్ ఇవ్వాలంటే చానల్‌కి వెయ్యిమంది చందాదారులు ఉండాలి. నాకు సున్నా. పాపం, ఆ వీడియో అతనే దగ్గుతూ ఫోన్ చేసి దారి చెప్పాడు: ''కంప్యూటర్ నుంచైతే ఆ రూలు లేదన్నా. ఓబీఎస్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, వేసుకో. కానీ ఖాతా ఇవాళే తెరువు. మొదటిసారి లైవ్‌కి అనుమతి రావడానికి ఇరవై నాలుగు గంటలు పట్టొచ్చు.''

నా దగ్గరున్నది 2010లో కొన్న ఐ3 కంప్యూటర్. నాలుగు జీబీ ర్యామ్. శుభలేఖలకు అది చాలు. షాపు నుంచి ఆటోలో వేసుకుని, పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని, చిరాగ్ అలీ లేన్‌లో ఉన్న మా ఫ్లాట్‌కి తెచ్చాను. కోఠి గుజరాతీ గల్లీలో ఓ కాలర్ మైకు కొన్నాను. ఎప్పుడో కొని అటక మీద పడేసిన వెబ్‌క్యామ్ దుమ్ము దులిపాను. అనుమతి వచ్చిన రాత్రి మొదటి పరీక్ష పెట్టాను. బొమ్మ రెండు క్షణాలు కదిలింది, మూడో క్షణం బిగుసుకుపోయింది. కంప్యూటర్ ఫ్యాన్ మాత్రం పిండిమర లాగా మోగుతోంది.

పెళ్లికూతురు రెండు చేతులకీ గోరింటాకుతో వచ్చి నా వెనక నిలబడింది. కీబోర్డు ముట్టుకోవడానికి లేదు. నోటితోనే చెప్పింది. ''నాన్నా, బొమ్మ ఎంత పెట్టావ్?''

''1280 బై 720. సెకనుకి ముప్ఫై ఫ్రేములు.''

''అంటే ఒక్కో ఫ్రేములో తొమ్మిది లక్షల పైచిలుకు చుక్కలు. అలాంటివి ముప్ఫై ఒక్క సెకనులో చూసి, కుదించి, నెట్‌లోకి పంపాలి. ఈ ముసలిదానికి అంత ఓపికెక్కడిది? 640 బై 360 చెయ్యి. చుక్కలు నాలుగో వంతుకొస్తాయి. ఫ్రేములు ఇరవై చాలు.''

లెక్క వేసి చూశాను. మొత్తం పని ఆరో వంతుకి తగ్గింది. కుదించే పనిలోనూ రకాలున్నాయట. ఎక్కువసేపు ఆలోచించి కుదిస్తే బొమ్మ బాగుంటుంది, ప్రాసెసర్ అలిసిపోతుంది. గబగబా కుదిస్తే బొమ్మ కాస్త అలుక్కుపోతుంది, ప్రాసెసర్ తేలికపడుతుంది. గబగబా రకమే పెట్టాం. వీడియోను కుదించడానికి ప్రాసెసర్‌లోనే ప్రత్యేక భాగాన్ని ఇంటెల్ 2011లో తెచ్చింది. నేను సరిగ్గా ఏడాది ముందు కొన్నాను! ఇక మిగతా ప్రోగ్రాములన్నీ మూసేశాం. వైఫై తీసేసి నెట్ వైరు నేరుగా పెట్టాం. ''ధ్వనిలో మాత్రం పిసినారితనం వద్దు నాన్నా. బొమ్మ అలుక్కుపోయినా పరవాలేదు, మాట తెగిందంటే ఎవరూ చూడరు'' అంది. ఈసారి బొమ్మ ఆగలేదు.

ఇలా చిన్న యంత్రంతో చిన్న బొమ్మ పంపడం కొత్తేమీ కాదని తర్వాత చదివాను. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం కంప్యూటర్ ల్యాబ్‌లో, కాఫీ కోసం మెట్లెక్కి వెళ్లాక కూజా ఖాళీగా కనిపిస్తోందని విసిగి, 1991లో దానికి ఎదురుగా ఓ కెమెరా పెట్టారు. నలుపు తెలుపు బొమ్మ, 128 బై 128 చుక్కలు. 1993లో దాన్ని ఇంటర్నెట్‌లో పెడితే ప్రపంచమంతా ఆ కాఫీ కూజాను చూసింది. 2001లో ఆపేశారు. కాఫీ కూజాకే అంత గిరాకీ అయితే, మనవరాలి పెళ్లికి ఎంతుండాలి?

పెళ్లి మా అపార్ట్‌మెంట్ మేడ మీదే. మూడో అంతస్తు నుంచి మెట్ల పక్కగా నెట్ వైరు లాగాం. వెబ్‌క్యామ్ వైరు పొట్టిది కాబట్టి కంప్యూటర్ కూడా పెళ్లిపెద్దలా మండపం పక్కనే కూర్చుంది. మైకు పురోహితుడి దగ్గర పెట్టాం. తెనాలిలో తమ్ముడు టీవీకి కలిపాడు. నా ఫోన్ స్పీకర్ ఆన్ చేసి మైకు పక్కనే ఉంచాను.

అంతా బాగుందనుకుంటుండగా, ముహూర్తానికి పది నిమిషాల ముందు ఫోన్లో తమ్ముడి కేక: ''అన్నయ్యా! బొమ్మ ఆగిపోయింది. మాట మాత్రం వినపడుతోంది!''

షామియానా కింద వాన వెలిసిన ఉక్క. చెయ్యి పెడితే క్యాబినెట్ కాలిపోతోంది. వేడెక్కితే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. చుట్టూ చూశాను. ఉన్నది ఒకే ఒక్క టేబుల్ ఫ్యాను, అదీ మా వియ్యపురాలి ముందు. ఆడపిల్ల తండ్రిని. అయినా వెళ్లి, ''వదినగారూ, ఏమీ అనుకోకండి'' అని ఫ్యాను ఎత్తుకొచ్చి, క్యాబినెట్ పక్క రేకు విప్పి దానికి తిప్పాను. ఆవిడ పమిటతో విసురుకుంటూ నవ్వింది. ఆ నవ్వుకి నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

బొమ్మ కదిలింది. జీలకర్ర బెల్లం అయింది. మాంగల్యధారణ సమయం. గట్టిమేళం! అంతే, అక్షింతలు వేయడానికి అందరూ ఒక్కసారిగా లేచారు. కెమెరా ముందు మా వియ్యంకుడి పట్టు కండువా నిలబడింది. ''జరగండి బావగారూ'' అని నేను అరిచింది ఆ మేళంలో ఎవరికి వినిపిస్తుంది? ఆయన జరిగేసరికి మూడు ముళ్లూ పడిపోయాయి.

పెద్దవాళ్ల కాళ్లకు దణ్ణాలయ్యాయి. పురోహితుడు తర్వాతి తంతుకు సిద్ధమవుతుంటే మా అమ్మాయి తల వంచుకునే ఉంది. ''ఆగండి పంతులుగారూ, మా నానమ్మ ఇంకా వేయలేదు'' అంది.

ఇక్కడి బొమ్మ అక్కడికి చేరడానికి అరనిమిషం పడుతుందని దానికి తెలుసు. మేడంతా నిశ్శబ్దమైంది. అప్పుడు ఫోన్లోంచి, తెనాలి టీవీలో మోగుతున్న మా గట్టిమేళమే మళ్లీ వినిపించింది. దాని వెనక మా అమ్మ గొంతు: ''దీర్ఘసుమంగళీ భవ! పదికాలాలు చల్లగా ఉండు తల్లీ!'' టీవీ మీద అక్షింతలు వేసిందని తమ్ముడు చెప్పాడు.

ఆ సాయంత్రం ఫోన్ చేసి, తాళి కట్టడం చూపించలేకపోయానని ఒప్పుకున్నాను. అమ్మ వెంటనే అంది: ''మేళం విన్నాను కదరా. నాంపల్లి ఎగ్జిబిషన్‌లో అయిదేళ్లప్పుడు తప్పిపోతే, మైకులో దాని ఏడుపు వినే కదా పరిగెత్తాను. దాని మొహం నాకు ఎవరో చూపించాలా?''

అమ్మ 2022లో వెళ్లిపోయింది. ఇప్పుడు ఫోన్‌తో లైవ్‌కి యాభై మంది చందాదారులు చాలు. మా పాత కంప్యూటర్ మళ్లీ షాపుకొచ్చి శుభలేఖలు కొడుతోంది. అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పుస్తకాలు పరిచే ఆదివారాల్లో అటు వెళ్లి ఒకటో రెండో కొనుక్కుని, షాపు తీసి కాసేపు కూర్చుంటాను. ఒక్కోసారి ఆ పెళ్లి వీడియో పెట్టుకుంటాను. తాళి కట్టే చోట కండువా తప్ప ఏమీ కనిపించదు. అయినా జరపను, ఆపను. దణ్ణాలు అయ్యేదాకా, అంతా నిశ్శబ్దమయ్యేదాకా ఓపిగ్గా కూర్చుంటాను. అరనిమిషం ఆలస్యంగా మా అమ్మ మాట్లాడుతుంది.