జూబ్లీహిల్స్‌లో మోగిన మా ఊరి మెసేజ్

పొద్దున ఆరు గంటలకు కృష్ణానగర్‌లో నిలబడితే తెలుగు సినిమా చాయ్ తాగుతూ కనిపిస్తుంది. హీరోలు కాదులెండి. లైట్‌మెన్, జూనియర్ ఆర్టిస్టులు, మేకప్ అసిస్టెంట్లు, నాలాంటి అసిస్టెంట్ రైటర్లు. రోడ్డుకు ఓ పక్క షూటింగ్ బండి కోసం చూసేవాళ్లు. ఇంకో పక్క పార, తట్ట, టిఫిన్ డబ్బా పట్టుకుని మేస్త్రీ కోసం చూసేవాళ్లు. ఇద్దరూ ఎదురుచూసేది ఒక్క మాట కోసమే... ‘బండెక్కు’.

2025 జూన్‌లో ఓ పొద్దున అక్కడే చాయ్ తాగుతుంటే ఫోన్ టింగుమంది. బ్యాంకు మెసేజ్. 24,000 రూపాయలు జమ. రైతు భరోసా. ఎకరానికి 6,000 చొప్పున నాలుగు ఎకరాలకు, వానాకాలం పంట కోసం.

‘‘పేమెంట్ పడ్డదా బ్రో?’’ అన్నాడు పక్కనున్న కెమెరా అసిస్టెంట్.

‘‘కాదు, నేను రైతును’’ అన్నా. ఇద్దరం నవ్వుకున్నాం. నా నవ్వు మాత్రం ఎక్కువసేపు నిలవలేదు.

ఎందుకంటే నేను పొలంలో దిగి ఆరేళ్లయింది. నాన్న పోయాక పట్టా పాస్‌బుక్ నా పేరు మీదకు మారింది. కోస్గి వైపు ఉన్న మా ఊర్లో ఆ నాలుగు ఎకరాల్లో కంది, పత్తి పండించేది ఇంకొకాయన. వరసకు మామ. కౌలు ఎకరానికి 8,000. ఉగాదికి సగం, పంట అమ్మాక సగం. ఆ మామ ఆ రోజు ఊర్లో కూడా లేడు. నేను చాయ్ తాగుతున్న చోటుకు రెండు కిలోమీటర్ల దూరంలో, జూబ్లీహిల్స్‌లో ఓ బంగళా గేటు దగ్గర వాచ్‌మన్‌గా ఉన్నాడు.

ఆ రోజు నాకు పని లేదు. నడుచుకుంటూ బయల్దేరా.

గజాల కొండ, గుంటల ఊరు

కృష్ణానగర్ సందుల్లోంచి చెక్‌పోస్ట్ వైపు ఎక్కుతుంటే రోడ్డుతో పాటు లోకం కూడా మారిపోతుంది. కింద ఒకే గదిలో నలుగురు బ్యాచిలర్లు. పైన ఒకే ఇంటికి నాలుగు కార్లు. సినిమా మద్రాసు నుంచి వచ్చి ఈ రాళ్ల గుట్టల మీద స్థిరపడటం కూడా మరీ పాత కథేం కాదు. 1976లో అక్కినేని అన్నపూర్ణ స్టూడియోస్ తెరిచారు. ఆ తర్వాత పద్మాలయా, రామానాయుడు స్టూడియోలు వచ్చాయి. చూస్తుండగానే గుట్టల నిండా గేట్లు మొలిచాయి.

ఇక్కడ భూమిని గజాల్లో కొలుస్తారు. మా ఊర్లో ఎకరాలు, గుంటల్లో. ఎకరమంటే 4,840 గజాలు. జూబ్లీహిల్స్‌లో ఒక ఎకరం ఉన్నవాడు తరతరాలు కూర్చుని తింటాడు. మా ఊర్లో నాలుగు ఎకరాలు దున్నేవాడు ఇక్కడికొచ్చి గేటు తీస్తాడు.

చెక్‌పోస్ట్ దాటి ఫిల్మ్‌నగర్ వైపు తిరిగితే ఫిలిం ఛాంబర్, దైవ సన్నిధానం గుడి, వాటి చుట్టుపక్కలే రేకుల ఇళ్ల బస్తీలు. స్టార్ల ఇళ్లల్లో అంట్లు తోమేవాళ్లు, సెట్లు వేసేవాళ్లు, డ్రైవర్లు ఎక్కువమంది ఉండేది ఇక్కడే. ‘మీదే ఊరు?’ అని అడిగితే పాలమూరు పేరు తప్పకుండా వినిపిస్తుంది. దేశంలో ఏ మూల డ్యామ్ కట్టినా పాలమూరు కూలీ ఉంటాడని పేరు. ఆ పేరు వెనక గుంపు మేస్త్రీ ఉండేవాడు. ఎండాకాలంలో అప్పులవాళ్లు వాకిట్లోకి వచ్చినప్పుడు అడ్వాన్సు ఇచ్చేవాడు. ఆ అడ్వాన్సు తీరేదాకా మొగుడూపెళ్లాం, పిల్లలు అందరూ వాడి వెంట పోవాల్సిందే. మామ వాళ్ల నాయన అట్లాగే పోయాడు.

అంటే పేదింటిని ఊరు దాటించేది చాలాసార్లు పెద్ద మొత్తమేం కాదు. సమయానికి చేతిలో లేని పది, ఇరవై వేలు. ప్రభుత్వాలు నేరుగా ఖాతాలో డబ్బు వేస్తే ఏం మారుతుందో చూడాలంటే ముందు ఈ సంగతి తెలియాలి.

గేటు పక్క గది

‘‘ఏం అల్లుడా, ఇటొచ్చినవ్?’’ అంటూ మామ గేటు పక్క గదిలోంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశాడు. అత్త లోపల ఓనర్ల ఇంట్లో పనిలో ఉంది. ఇద్దరికీ కలిపి నెలకు 16,000, ఆ గది ఫ్రీ. నాట్లప్పుడు, కోతలప్పుడు మామ ఊరికి పోతాడు. అప్పుడు అత్త ఒక్కతే గేటూ చూసుకుంటుంది, ఇల్లూ చూసుకుంటుంది.

‘‘ఊర్లె అందరికి పైసలు పడుతున్నయంట గద’’ అన్నాడు. నీకు పడ్డాయా అని అడగలేదు. అడగడని నాకూ తెలుసు.

‘‘విత్తనాలు తెచ్చినవా మామా?’’ అన్నా.

‘‘ఇయ్యాల రాత్రి పోతున్న. ఇరవై వేలు చెప్పి పెట్టిన. మూడు రూపాయల మిత్తి.’’

మూడు రూపాయల మిత్తి అంటే నెలకు నూటికి మూడు. పంట చేతికొచ్చేసరికి ఆరు నెలలు. ఇరవై వేలకు 3,600 మిత్తి. ఆ పంట కోసమని ప్రభుత్వం ఇచ్చిన 24,000 మాత్రం నా జేబులో ఉన్న ఫోన్‌లో ఉన్నాయి.

ఇది మా ఒక్క ఇంటి గొడవ కాదు. 2018 మే 10న హుజూరాబాద్ దగ్గర రైతుబంధు మొదలైంది. మొదట ఎకరానికి పంటకు 4,000, మరుసటి ఏడాది నుంచి 5,000. సుమారు 58 లక్షల మంది పట్టాదారుల కోసం తెచ్చిన పథకం. ఎకరాలకు పరిమితి లేదు, దరఖాస్తు లేదు, దళారీ లేడు. దున్నేది ఎవరన్నది మాత్రం చూడలేదు. పట్టా ఎవరి పేరున ఉంటే డబ్బు వాళ్లకే. అధికారుల వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కూడా కాదు. కౌలు నోటిమాట మీద నడుస్తుంది, కాగితం ఉండదు, ఏటా మనిషి మారతాడు. కానీ కాగితం ఎందుకు ఉండదు? రాసిస్తే భూమి పోతుందేమోనని మాలాంటి వాళ్లకు భయం. మా అమ్మ కూడా ఇప్పటిదాకా రాసివ్వలేదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చి కౌలు రైతులకు కార్డులిచ్చారు. అప్పటి రైతు భరోసాలో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ వర్గాల కౌలు రైతులకూ డబ్బు ఇచ్చారు. అక్కడా కార్డు మీద భూమి యజమాని సంతకం పెట్టాలి. మళ్లీ కథ నాలాంటి వాడి దగ్గరికే వచ్చి ఆగుతుంది.

పదకొండు రోజుల లెక్క

ఇంతలో అత్త వచ్చింది. ‘‘నాక్కూడా ఒకటి వస్తదన్నరు, రాలే’’ అంది నవ్వుతూ.

అది ఇందిరమ్మ ఆత్మీయ భరోసా. భూమిలేని ఉపాధి కూలీ కుటుంబానికి ఏడాదికి 12,000, రెండు విడతలుగా. 2025 జనవరి 26న ఈ పథకాన్ని మొదలుపెట్టింది కోస్గి మండలం చంద్రవంచలోనే. మా ఊరికి పెద్ద దూరం కాదు. గుంట భూమి లేదు కాబట్టి తనకు వస్తుందనే అత్త అనుకుంది. కానీ 2023-24లో కనీసం 20 రోజులు ఉపాధి పని చేసి ఉండాలన్నది షరతు. అత్తవి పదకొండు రోజులే. మిగతా రోజులన్నీ ఇక్కడ జూబ్లీహిల్స్‌లో అంట్లు తోముతూ ఉంది. పేదరికం వల్లే ఊరొదిలింది. ఊరొదిలినందుకే పేదల లెక్కలోంచి జారిపోయింది.

‘‘మరి మీ ఇంటికి ఏ పైసలూ రావా?’’ అన్నా.

‘‘ఎందుకు రావు? మా అత్తకొస్తయి. పింఛన్.’’

మామ వాళ్ల అమ్మ ఊర్లోనే ఉంటుంది. నెలకు 2,016 రూపాయలు. 2014లో ఆసరా మొదలైనప్పుడు 1,000 ఉండేది, 2019లో పెరిగింది. ఒక్కోసారి ఆలస్యమవుతుంది కానీ ఆగదు. ఆ డబ్బుతో ముసలమ్మ బీపీ గోలీలు కొనుక్కుంటుంది. మనవరాలికి, మనవడికి పాలు, గుడ్లు, నోటు పుస్తకాలు కూడా కొంటుంది. వాళ్లిద్దరూ ఊరి బడిలోనే చదువుతున్నారు. ‘‘ఆమెకు ఆ పైసలు లేకుంటే పిల్లలను గూడ ఈడికే తెచ్చుకునేటోళ్లం. ఈ గదిల ఏడ పెడతం?’’ అంది అత్త.

మామ చిన్నప్పుడు డ్యామ్ పనుల వెంట తిరిగి మూడో తరగతి దాటలేదు. ఆయన కూతురు ఈ ఏడాది ఎనిమిదో తరగతి. మధ్యలో మారిందేంటని అడిగితే చాలా చెప్పొచ్చు. అందులో నెలనెలా వచ్చే ఆ 2,016 కూడా ఒకటి.

ఈ ముసలమ్మ కథ వింటుంటే దక్షిణాఫ్రికా గుర్తొచ్చింది. నోబెల్ అందుకున్న ఆర్థికవేత్త ఎస్తర్ డఫ్లో అక్కడి పింఛన్ల మీద 2003లో ఓ పరిశోధన ప్రచురించారు. పింఛన్ అమ్మమ్మ, నానమ్మల చేతికి వచ్చిన ఇళ్లల్లో ఆడపిల్లల ఎత్తు, బరువు మెరుగయ్యాయి. తాతల చేతికి వస్తే ఆ తేడా కనపడలేదు. ఎంత ఇస్తున్నామన్నదే కాదు, ఎవరి చేతికి ఇస్తున్నామన్నదీ ముఖ్యమేనన్నమాట.

‘ఫ్రీగా ఇస్తే తాగి తందనాలాడతారు’ అని మన ఆఫీసుల్లో, వాట్సాప్ గ్రూపుల్లో చాలామంది అంటుంటారు. 2014లో ప్రపంచ బ్యాంకు వెలువరించిన ఓ పరిశీలనలో వేర్వేరు దేశాల అధ్యయనాలను కలిపి చూశారు. నగదు సాయం వల్ల మందు, పొగాకు ఖర్చు పెరుగుతుందనడానికి ఆధారం దొరకలేదు. మధ్యప్రదేశ్‌లో ‘సేవా’ సంస్థ, యూనిసెఫ్ కలిసి కొన్ని ఊళ్లలో మనిషికింత అని నెలనెలా ఇచ్చి చూశాయి. అక్కడా తిండి, పిల్లల చదువు మెరుగయ్యాయి.

అమ్మ చెప్పిన సగం

ఫిల్మ్‌నగర్ వైపు దిగుతూ అమ్మకు ఫోన్ చేశా. సినిమాలో అయితే హీరో 24,000 మొత్తం మామ చేతిలో పెట్టేవాడు, వెనక వయొలిన్ మోగేది. మా ఇంట్లో అమ్మ మోకాళ్ల నొప్పులున్నాయి, చెల్లి హాస్టల్ ఫీజుంది, రెండు నెలలుగా నాకు రాని పేమెంట్ ఉంది.

అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘‘సగం పంపు. కౌలుల పట్టకు. అది కౌలు కాదు, ఆయన పంటది’’ అంది.

12,000 పంపా. అది దానం కాదు, న్యాయం కూడా పూర్తిగా కాదు. సగమే. మామ ఇరవై వేలకు బదులు ఎనిమిది వేలే మిత్తికి తెచ్చాడు. ఆరు నెలలకు 3,600 పోవాల్సిన చోట 1,440 పోయింది. మిగిలింది 2,160.

డిసెంబర్‌లో మళ్లీ ఆ గేటు దగ్గరికి వెళ్లా. పత్తి అంతంత మాత్రమే, వానలు దెబ్బకొట్టాయి. ఆ పన్నెండు వేలతో మామ బతుకు మారిపోయిందని చెప్తే అబద్ధం. ఆయన ఇంకా గేటు దగ్గరే ఉన్నాడు. ‘‘మిగిలిన మిత్తి పైసలు ఏం చేసిండ్రత్తా?’’ అని అడిగా.

‘‘పిల్లకు సైకిల్. సెకండ్ హ్యాండ్‌ది. బడి మూడు కిలోమీటర్లు గద’’ అంది.

తిరిగొస్తుంటే ఫిలిం ఛాంబర్ ముందు ఏదో సినిమా పోస్టర్ కడుతున్నారు. రైతు పాత్రలో ఓ హీరో, భుజాన నాగలి. పోస్టర్ తాడు లాగుతున్న కుర్రాడిని ఏ ఊరని అడిగా. ‘‘నారాయణపేట అన్నా’’ అన్నాడు. భూమి ఉందా అంటే తల అడ్డంగా ఊపాడు.

వచ్చే విడత డబ్బు కూడా నా ఫోన్‌కే వస్తుంది. ఈ ఉగాదికి కౌలు కాగితం రాసిద్దామని అమ్మతో అన్నా. ఇంకా ఒప్పుకోలేదు. అడుగుతూనే ఉన్నా.