కుక్కరు నేర్పిన కారు పాఠం

"ఆడవాళ్ళకి కారు గురించి ఏం తెలుస్తుందే, నువ్వూరుకో!"

మా వారు అన్న ఈ మాట ఇంకా నా చెవుల్లోనే ఉంది. నిజం చెప్పొద్దూ, అప్పటికి నాకేమీ తెలియదు కూడా. ఇంటర్‌తో చదువు ఆపేసి, ఇరవై రెండేళ్ళుగా వంటింటినే నమ్ముకున్నదాన్ని. నాకు తెలిసిన యంత్రాలల్లా కుక్కరు, మిక్సీ, కుట్టుమిషను. అలాంటిది ఆ కుక్కరే మా ఇంటికి 14 వేల ఖర్చు తప్పించిందంటే మీరు నమ్ముతారా?

మా కారు 1998 నాటి మారుతి 800. మా బావగారు కొత్తది కొనుక్కున్నప్పుడు మాకిచ్చారు. అది మా ఇంటి మనిషి లాంటిది. పిల్ల స్కూలు ఫంక్షన్లకీ, పెళ్ళిళ్ళకీ, పుష్కరాలకీ అదే. 2023 మే నెలలో అత్తయ్యగారికి కంటి ఆపరేషన్ అయింది. వారం తర్వాత చూపించుకోమన్నారు. రాజమండ్రి నుంచి కాకినాడ బయలుదేరాం. ఎండ పదింటికే నిప్పులు చెరుగుతోంది. ద్వారపూడి బట్టల కొట్లు చూస్తూ, "వచ్చేటప్పుడు ఒక్క పది నిమిషాలు ఆపండి" అని మా వారిని బతిమాలుకుంటున్నాను. అక్కడిదాకా బాగానే వచ్చింది బండి.

ఆ తర్వాత ఒకచోట రైల్వే గేటు పడింది. గూడ్సు బండి ఎంతకీ పోదు. అలా నిలబడి ఉండగా ముందు నుంచి ఏదో కమురు వాసన. ఆనక బానెట్ సందుల్లోంచి తెల్లటి ఆవిరి! మీటర్లో వేడి ముల్లు ఎర్ర గీత దాటిపోయింది. మా వారు గబగబా ఇంజను ఆపి, దిగి, బానెట్ ఎత్తి, భుజం మీద తుండు చేతికి చుట్టుకుని రేడియేటర్ మూత తిప్పబోయారు.

"ఏవండీ, ముట్టుకోకండి!" అని ఎంత గట్టిగా అరిచానో, గేటు దగ్గర వాళ్ళంతా తిరిగి చూశారు.

నా ఎడమ చేతి మణికట్టు మీద ఇప్పటికీ మచ్చ ఉంది. పెళ్ళయిన కొత్తలో విజిల్ దిగకుండానే కుక్కరు మూత లాగితే వచ్చిన మచ్చ అది. ఆ మూతలోంచి బుసకొడుతున్న ఆవిరి చూడగానే నాకు ఆ రోజే గుర్తొచ్చింది. మామూలు గిన్నెలో నీళ్ళు 100 డిగ్రీలకి మరుగుతాయి. కుక్కర్లో ఒత్తిడి వల్ల 120 దాకా పోతాయి. రేడియేటర్ మూత కూడా కుక్కరు వెయిట్ లాంటిదే. లోపల ఒత్తిడి నిలబెట్టి, నీళ్ళు 100 దాటినా మరగకుండా చూస్తుంది. ఆ మూత తీశామో, ఒత్తిడి పోయి లోపలి నీళ్ళు ఒక్కసారిగా మరిగి, ఆవిరితో పాటు మొహం మీదకి ఎగజిమ్ముతాయి. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఆ క్షణంలో తెలిసింది మాత్రం కాలిన మచ్చ ఒక్కటే.

చెట్టు కింద తుండు పరిచి అత్తయ్యగారిని కూర్చోబెట్టి, కంట్లో మందు వేశాను. ముప్పావుగంట ఆగాక మూత తీసి నీళ్ళు పోసుకుని, ఎలాగో కాకినాడ చేరాం. డాక్టరుగారు కన్ను బాగుందన్నారు. నా ప్రాణం మాత్రం తిరుగు ప్రయాణం మీదే ఉంది.

మర్నాడు కారు మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళారు. అతను మూత తీసి చూసి, "హెడ్ గ్యాస్కెట్ పోయింది సార్. ఇంజను పైభాగం విప్పాలి. 14 వేలవుతుంది" అన్నాడట. 14 వేలు! అమ్మాయి హాస్టల్ ఫీజు కోసం నెలనెలా చీటీ కట్టి దాచిన డబ్బు బీరువాలో ఉంది. మా వారు దానివైపే చూస్తున్నారని నాకు అర్థమైంది. "ఫీజుకి ఇంకా రెండు నెలలుంది కదా" అన్నారు మెల్లిగా.

నాకు మనసొప్పలేదు. "ఒక్క వారం ఆగండి" అన్నాను. అప్పుడే ఆయన పైన చెప్పిన మాట అన్నది.

సరే, ఊరుకున్నాను. కానీ కళ్ళు మూసుకోలేదు. పాల లెక్క రాసే పుస్తకం చివరి పేజీలో ముల్లు ఎప్పుడు, ఎక్కడ పైకి లేచిందో రాయడం మొదలుపెట్టాను. కూరగాయలకి వెళ్ళినప్పుడు మార్కెట్ దగ్గర ట్రాఫిక్‌లో లేచింది. బంక్ దగ్గర లైనులో లేచింది. కడియం నర్సరీకి వెళ్ళినప్పుడు మాత్రం దారిపొడుగునా మధ్యలోనే ఉంది. లేచిన ప్రతిసారీ బండి నిలబడే ఉంది! రోడ్డెక్కి నాలుగు ఫర్లాంగులు పోగానే దిగిపోయేది.

రోజూ పొద్దున్నే ఇంజను చల్లగా ఉన్నప్పుడు మూత తీసి నీళ్ళు చూసేదాన్ని. ఆ రోజు పొంగిపోయినవి పోశాక మళ్ళీ చుక్క తగ్గలేదు. కుక్కరు గ్యాస్కెట్ పాడైతే ఏమవుతుంది? ఆవిరి పోతుంది, నీళ్ళు ఇగిరిపోతాయి, పప్పు ఉడకదు. మరి ఇంజనుదీ గ్యాస్కెటే కదా, నీళ్ళు తగ్గాలి కదా అని నా అనుమానం.

మా వీధి చివర ఒక ముసలి ఆటో ఎలక్ట్రీషియన్ ఉన్నాడు. మా పుస్తకం పట్టుకుని మా వారితో పాటు నేనూ వెళ్ళాను. అతను ఆ పేజీ చదివి నవ్వాడు. "అమ్మా, సగం పని నువ్వే చేసేశావు. బండి పరిగెడితే గాలి తగిలి రేడియేటర్ చల్లబడుద్ది. నిలబడితే గాలి లేదు, ఫ్యాన్ తిరగాలి. నీ ఫ్యాన్ తిరగట్లేదు" అన్నాడు.

ఇంజను స్టార్ట్ చేసి మూత తీసిన రేడియేటర్లో బుడగలు వస్తున్నాయేమో చూశాడు. రాలేదు. ఆయిల్ పుల్ల తీసి చూశాడు. గ్యాస్కెట్ పోయి నీళ్ళు కలిస్తే ఆయిల్ పాలు పోసిన కాఫీలా అవుతుందట. మాది నల్లగానే ఉంది. పొగగొట్టం నుంచి తెల్లపొగ కూడా లేదు. మూత పెట్టేసి, ముల్లు సగం దాటేదాకా ఆగాం. ఫ్యాన్ కదల్లేదు. అప్పుడు ఫ్యాన్ స్విచ్చుకి వచ్చే రెండు వైర్లు ఊడదీసి కలిపాడు. ఫ్యాన్ జుయ్యిమని తిరిగింది! అంటే ఫ్యాన్ మంచిదే, వేడెక్కితే దాన్ని తిప్పాల్సిన బొటనవేలంత స్విచ్చు చచ్చిపోయింది. స్విచ్చు, కూలెంటు, కూలీ అన్నీ కలిపి 1,150 రూపాయలు.

మా వారు ఏమీ అనలేదు. ఇంటికొచ్చి ఆ పాల పుస్తకం ఒకసారి తిరగేసి, మళ్ళీ మేకుకి తగిలించారు. సాయంత్రం మా బావగారితో ఫోన్లో, "మీ మరదలే కనిపెట్టింది అన్నయ్యా" అంటుంటే వంటింట్లోంచి విన్నాను. చీటీ డబ్బు బీరువాలోనే ఉంది.

ఆ పెద్దాయన చెప్పిన నాలుగు మాటలు మీకూ పనికొస్తాయని రాస్తున్నాను.

ముల్లు పైకి లేస్తే "ఇంకో రెండు కిలోమీటర్లేగా" అని నడపొద్దు. మా గ్యాస్కెట్ బాగానే ఉన్నా, అలా నడిపితే అప్పుడు నిజంగానే పోతుంది. పక్కకి ఆపి ఇంజను కట్టేయాలి. వెంటనే ఆపే వీల్లేకపోతే కారులో హీటరు పూర్తిగా పెట్టాలి. ఇంజను వేడి కొంత లోపలికి లాగేస్తుంది. చెమటలు పడతాయి గానీ బండి నిలుస్తుంది.

కాలుతున్న ఇంజనులో చన్నీళ్ళు పోయొద్దు. కాలిన ఇనప పెనం మీద చన్నీళ్ళు పోస్తే ఏమవుతుందో మనకి తెలుసు కదా! చల్లారాక, గుడ్డ వేసి, మూత కొంచెం తిప్పి, ఆవిరి పోయాకే పూర్తిగా తీయాలి.

నిలబడితే వేడెక్కుతుంటే ముందు ఫ్యాన్ చూడాలి. పరుగులో కూడా వేడెక్కుతుంటే నీళ్ళు తక్కువా, రేడియేటర్ పూడిందా, పంపు పనిచేస్తోందా అని చూడాలి. ఇంజను కాగిపోతున్నా రేడియేటర్ కింది పైపు చల్లగానే ఉంటే థర్మోస్టాట్ మూసుకుపోయిందేమో అడగండి. ఫ్యాన్ దగ్గర చేతులు, పైటకొంగు జాగ్రత్త. కొన్ని కార్లలో తాళం తీసేసినా అది ఉన్నట్టుండి తిరుగుతుంది.

కుళాయి నీళ్ళు ఎప్పుడూ పోయకండి. నీళ్ళు కాచే గిన్నెకి అడుగున తెల్లగా పట్టే సున్నం రేడియేటర్‌కీ పడుతుంది. కూలెంటు, డిస్టిల్డ్ వాటరు సగంసగం కలిపి పోయించండి.

ఇప్పుడు కాకినాడ బయలుదేరితే ముందు సీట్లో నన్నే కూర్చోమంటున్నారు అత్తయ్యగారు. "నువ్వు ఆ ముల్లు చూస్తూ ఉండవే అమ్మాయ్, నాకు నిద్ర పడుతుంది" అంటారు. నాకు ద్వారపూడిలో చీర మాత్రం ఇంకా రాలేదనుకోండి!