మామిడికి పూసిన పరాయి పూలు

ఆమధ్య జి.మాడుగుల వెళ్లినప్పుడు ఓ పెరట్లో ముసలి మామిడిచెట్టును చూసి ముచ్చటపడ్డా. కొమ్మల నిండా గొట్టాల్లాంటి నారింజరంగు పూలు! 'మామిడికి ఈ పూలేంటి?' అన్నా. ఇంటి పెద్దాయన నవ్వలేదు.

'మామిడివి కావమ్మా, బదనికవి. అది పట్టిన కొమ్మ కాపు మానేసింది' అన్నాడు కత్తి నూరుతూ.

ఆకులు పచ్చనివే కాబట్టి బదనిక తన తిండి తానే వండుకుంటుంది. నీళ్లూ లవణాలూ మాత్రం చెట్టు నుంచి లాగేస్తుంది. దాని పండు మింగిన బుల్లిపిట్ట విసర్జించే జిగురుగింజ మరో కొమ్మకు అతుక్కుని మొలకెత్తుతుంది. పైపైన తుంచితే మళ్లీ చిగురిస్తుంది. అందుకే పండ్లు రాకముందే, అది పట్టిన చోటుకి బాగా కిందుగా కొమ్మనే కొట్టేయాలి. అన్నట్టు, మనం అంత గొప్పగా చెప్పుకునే శ్రీగంధమూ పక్కచెట్ల వేళ్లను పట్టుకుని బతికేదే!

పెద్దాయన మూడు కొమ్మలు కొట్టాడు. నాలుగో బదనిక మానుకే పట్టింది. కత్తి కింద పెట్టేశాడు. 'మా నాన్న వేసిన చెట్టు. ఉన్నన్నాళ్లు ఉండనీ' అన్నాడు.

ఇంటికొచ్చాక మా గుమ్మం ముందున్న వేపను తలెత్తి చూశా. పదేళ్లుగా దాని నీడలోనే బండి పెడుతున్నా. పైకి చూడటం అదే మొదటిసారి!