లెక్క అందని పసివారు

తెలుగులో లెక్క అనే మాటకు గణితమన్న అర్థం ఒక్కటే కాదు. "వాణ్ణి ఎవరు లెక్కచేస్తారు?" అన్నపుడు లెక్క అంటే గౌరవం. "అది లెక్కలోకి రాదు" అన్నపుడు లెక్క అంటే ఉనికి. బడిలో వెనుక బల్లమీద తల వంచుకొని కూర్చున్న బిడ్డను చూచినపుడు ఈ అర్థాలన్నీ ఒక్కటై కనబడుతాయి. లెక్క రాని బిడ్డ క్రమంగా ఎవరి లెక్కలోకీ రాని బిడ్డ అవుతున్నది. భాషను బోధించే మేము గణితాన్ని గూర్చి వ్రాయబూనడానికి కారణం ఇదే.

మా ఇంటి ప్రక్కవారి అమ్మాయికి అప్పుడు పదేండ్లు. తండ్రి ఆదోనిలోని ఒక జిన్నింగు మిల్లులో కూలి. పిల్ల చురుకైనది. విన్న కథను మాట పొల్లుపోకుండా తిరిగి చెప్పగలదు; ఉర్దూ, తెలుగు, బజారులో వినబడే కన్నడం మూడూ మాట్లాడగలదు. కాని మూడూ నాలుగూ ఎంతంటే వ్రేళ్ళు మడిచి ఒకటి నుండి మొదలుపెడుతుంది. ఏడు పెద్దదా తొమ్మిది పెద్దదా అంటే దిక్కులు చూస్తుంది. నూట ఐదు వ్రాయమంటే 1005 అని వ్రాస్తుంది. నిన్న వల్లించిన ఎక్కం నేడు గుర్తుండదు. బడిలో మొద్దు అన్నారు. ఇంట్లో బడి మాన్పించే ఆలోచన మొదలైంది. "చేతికి పని నేర్పితే రేపు అన్నం పెడుతుంది భాయ్, ఈ లెక్కలు పెడతాయా?" అని తల్లి మమ్ములను అడిగినది. ఆ ప్రశ్నలో కోపం లేదు, అలసట వున్నది. ఒక సంవత్సరం వ్యవధి ఇమ్మని మేము వేడుకొన్నాము. సాయంత్రాలు మా అరుగుమీద పాఠం మొదలైంది.

ఇట్టి స్థితికి శాస్త్రజ్ఞులు డిస్కాల్క్యులియా అని పేరుపెట్టినారు. చెకోస్లొవేకియా దేశపు మనస్తత్వవేత్త లాడిస్లావ్ కోష్చ్ 1970వ దశకంలో దీనిని విపులంగా వివరించినాడు. తెలివికి లోటు లేకుండానే సంఖ్యల పరిమాణాన్ని గ్రహించే శక్తి మాత్రం కుంటుపడడం దీని లక్షణం. మెదడులో పార్శ్వభాగపు ఒక మడత సంఖ్యాజ్ఞానంతో ముడిపడి ఉన్నదనీ, ఈ పిల్లలలో అది భిన్నంగా పనిచేస్తున్నదనీ తరువాతి పరిశోధనలు తెలిపినవి. వివిధ దేశాల అధ్యయనాలను బట్టి ఇట్టివారు నూటికి 3 నుండి 7 మంది వరకు వుంటారు. అనగా నలభైమంది కూర్చున్న ప్రతి తరగతిలోనూ ఒకరో ఇద్దరో వున్నారన్నమాట. ఇది సోమరితనం కాదు, పెంపకపు దోషం కాదు, దెబ్బలతో పోయేదీ కాదు.

అయితే లెక్క రాని ప్రతి బిడ్డకూ ఈ పేరు తగిలించరాదు. మా ప్రాంతానికి ప్రత్యేకమైన కారణం మరొకటి గలదు. వానలు మోసం చేసిన యేట కోసిగి, మంత్రాలయం వైపు పల్లెల నుండి కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు సీమకు మిర్చి కోతలకు తరలిపోతాయి. దీనినే ఇక్కడ సుగ్గికి పోవడమంటారు. వెంట పోయిన పిల్లలకు నెలల తరబడి బడి వుండదు. తిరిగి వచ్చేసరికి తరగతి తీసివేతలు దాటి భాగాహారాలకు చేరి వుంటుంది. వీరికి కావలసినది తప్పిపోయిన పాఠం. దానిని ఓపికగా చెబితే త్వరలోనే అందుకొంటారు. చూపు మందగించిన పిల్లలూ, వినికిడి తగ్గిన పిల్లలూ వుంటారు. వారిని మొదట వైద్యునికి చూపించవలె. చక్కగా చెప్పినా, మరల మరల చెప్పినా సంఖ్య నిలువని బిడ్డ విషయమే వేరు.

భాషాధ్యాపకులమైన మాకు ఈ పాఠాలలో సంఖ్యావాచకాలు పెద్ద వింతగా తోచినవి. తెలుగులో ఇరవై దాటినాక దారి సాఫీ. ఇరవై ఒకటి, ముప్పై తొమ్మిది, అరవై తొమ్మిది - పదులు ముందు, ఒకట్లు వెనుక. అంకె వ్రాసే వరుసా అదే. చిక్కంతా పదకొండు మొదలు పందొమ్మిది వరకే. పన్నెండులో పదీ రెండూ వున్నవని బిడ్డ చెవికి తెలియదు. ఉర్దూలోనో, నూరు వరకు ఇంచుమించు ప్రతి సంఖ్యకూ వేరు పేరే. 29 ఉన్తీస్, 39 ఉన్తాలీస్, 69 ఉన్హత్తర్. రాబోయే పదికి ఒకటి తక్కువ అని వీటి భావం. 89 నవాసీ వద్ద ఆ పద్ధతీ మారిపోతుంది. పైగా ఉర్దూ అక్షరం కుడి నుండి ఎడమకు నడిస్తే అంకె ఎడమ నుండి కుడికి నడుస్తుంది. ఆంగ్లంలో థర్టీన్, థర్టీ ఒకదానికొకటి నీడవలె వినబడుతాయి. మూడు భాషల నడుమ పెరిగే ఆదోని బిడ్డకు ఇది బరువే. భాష డిస్కాల్క్యులియాకు కారణం కాదు. కాని వున్న కష్టానికి మరింత బరువు కలిపే మాట నిజం. కనుక తెలుగు మాటనే ఆధారం చేసికొని, 39ని ముందు మూడు పదులు, తొమ్మిది అనిపించి, పిదప ఉన్తాలీస్ అనిపించినాము.

కాల్క్యులేషను అనే మాటకు మూలం లాటిన్‌లోని కాల్కులస్, అనగా గులకరాయి. మానవుడు లెక్కను మొదట చేతితో ముట్టుకొని నేర్చినాడు. అమెరికా మనస్తత్వవేత్త జెరోమ్ బ్రూనర్ చెప్పిన క్రమమూ ఇదే: మొదట చేత, పిదప బొమ్మ, ఆ తరువాతనే గుర్తు. మేము చింతపిక్కలతో మొదలుపెట్టినాము. అయిదు పిక్కలు పరచి, లెక్కించకుండా చూచినంతనే ఎన్నో చెప్పించడం తొలి పాఠం. తరువాత పాచికమీది చుక్కలు. ఆపైన పదికి జంటలు: ఏడుకు మూడు, ఆరుకు నాలుగు. ఎనిమిదికి అయిదు కలపాలంటే ముందు రెండిచ్చి పది చేసి, మిగిలిన మూడు చేర్చడం. చీపురుపుల్లలు పదేసి తీసి నూలుదారంతో కట్టలు కట్టించినాము. అరుగుమీద సుద్దతో సున్న నుండి ఇరవై వరకు గీత గీసి దానిమీద నడిపించినాము. ముందుకు నడిస్తే కూడిక, వెనుకకు నడిస్తే తీసివేత. ఎక్కాలలో రెండు, అయిదు, పది మాత్రమే ముందు చెప్పి, మిగిలినవి వాటినుండి రాబట్టడం నేర్పినాము. పాఠం ఇరవై నిమిషాలకు మించదు. త్వరగా చెప్పమన్న మాట అసలే లేదు. భయపడిన మనస్సులో అంకె నిలువదు.

నూట ఐదు చిక్కు తీర్చడానికి వందలు, పదులు, ఒకట్లు అని మూడు డబ్బాలు పెట్టినాము. పదుల డబ్బాలో ఏమీ లేదు. ఆ పిల్ల చాలాసేపు చూచి, "డబ్బా ఖాళీ అయినా దాని చోటు దానిదే కదా చాచా!" అన్నది. మేము కొంతసేపు మాట్లాడలేకపోయినాము. శూన్యంతో గణించే నియమాలను బ్రహ్మగుప్తుడు 628లో చెప్పినాడు. తొమ్మిదవ శతాబ్దిలో బాగ్దాదులో అల్ ఖ్వారిజ్మీ ఈ భారతీయ గణనను గూర్చి గ్రంథం వ్రాసినాడు. యూరపులో 1202లో ఫిబొనాచీ దానికి ప్రచారం తెచ్చినాడు. మానవజాతి అందుకోవడానికి శతాబ్దాలు పట్టిన భావాన్ని ఒక పసిపిల్ల అందుకోవడానికి ఎనిమిది నెలలు పడితే దానిని మందబుద్ధి అనగలమా?

ఆ పిల్ల గణితంలో ప్రథమురాలు కాలేదు. నేటికీ పెద్ద భాగాహారం ఎదురైతే తడబడుతుంది, ఏడవ ఎక్కం వద్ద ఆగుతుంది. కాని అంగడికి పోయి చిల్లర సరిచూచుకొని వస్తుంది. బడి మానలేదు. మాకు కావలసినదీ అదే.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం నిర్దిష్ట అభ్యసన వైకల్యాలను గుర్తించి, వాటిలో డిస్కాల్క్యులియాను పేరుతో సహా చేర్చినది. 2021లో ప్రారంభమైన నిపుణ్ భారత్ పథకం చిన్న తరగతులలో చదువుతోపాటు సంఖ్యాజ్ఞానాన్నీ లక్ష్యంగా పెట్టుకొన్నది. చట్టమూ పథకమూ ఎంత మంచివైనా, మా వీధి బిడ్డను గుర్తించవలసినది మా వీధివారే.

విద్యార్థి మిత్రులారా! మీలో పలువురు రేపు ఉపాధ్యాయులు కానున్నారు. ఎమ్మిగనూరు మగ్గాల ఇంటి బిడ్డలు, ఆదోని మిల్లు కూలీల బిడ్డలు మీ ముందు కూర్చుంటారు. వారిలో ఒకరు వ్రేళ్ళు దాచుకొని లెక్కిస్తూ కనబడితే ఆ వ్రేళ్ళమీద కొట్టకండి. ఆ చేతిలో పది చింతపిక్కలు పెట్టండి. కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం ఒక్కటే. వారానికి రెండు సాయంకాలాలు ఒక గది తెరచి యిస్తే, ఇష్టమున్న విద్యార్థులతో కలిసి ఈ పనిని కొనసాగించడానికి మేము సిద్ధంగా వున్నాము. ఖర్చు చింతపిక్కలకూ సుద్దముక్కలకూ మించదు. బడి వదలబోతున్న ఒక్క బిడ్డ నిలిచినా ఆ గది తెరచినందుకు ఫలితం దక్కినట్లే.