చలిదినాలలో శునకస్నానం

స్నానం మానవుడు కోరి చేసుకునే అలవాటు. శునకానికి అది మనం విధించే కార్యం. వేసవిలో చెరువు కనిపిస్తే తనంత తానే దిగి ఈదే కుక్క, డిసెంబరు ఉదయాన బకెట్టు చప్పుడు వినగానే మూలకు దూరుతుంది. దాని భయం నిర్హేతుకం కాదు. ఆరోగ్యవంతమైన కుక్క శరీరపు వేడి సుమారు 38 నుండి 39 డిగ్రీలు. అనగా మన వేడికంటె కొంచెం అధికం. ఆ వేడిని కాపాడేది వెంట్రుకల నడుమ నిలిచి ఉండే గాలి. బొచ్చు తడిసినప్పుడు ఆ గాలి స్థానాన్ని నీరు ఆక్రమించి, ఒంటిలోని వేడిని త్వరత్వరగా హరిస్తుంది. చలిలో తడిసిన కుక్క, దుప్పటి పోగొట్టుకున్న బాటసారి వంటిది.

మేము నివసించే ఆదిలాబాదు ప్రాంతంలో శీతకాలపు రాత్రులు కొన్నిసార్లు 10 డిగ్రీలకంటె దిగువకు జారుతాయి. బదిలీపై వెళ్ళిన పొరుగువారు అప్పగించిన మోతీ అనే ముసలి కుక్క మా వాకిట ఉంటున్నది. గత జనవరిలో ఒకనాటి వేకువన అది మురికికాలువలో పడి, మెడదాకా బురదతో వణుకుతూ వచ్చి అరుగు ప్రక్కన నిలిచింది. లోపల అమ్మీజాన్ ఫజర్ నమాజుకై వజూ చేసుకుంటున్నారు. “ఆ బురదతో అది గడప దాటితే నా జానమాజ్ పరచే చోటేది?” అన్నారు. వెంటనే కడుగుదామంటే ముసలి ప్రాణం. అంత చలిలో నీరు పోస్తే ఏమగునో చెప్పలేము. కడగకుంటే తడి బురద కూడ ప్రమాదమే.

మేము మధ్యేమార్గం అనుసరించాము. మొదట పొడి గోనెసంచితో బురదను తుడిచి, గాలి తగలని వంటపాక మూలన గడ్డిపై పడుకోబెట్టాము. పదకొండు గంటలకు ఎండ బాగా కాసిన పిమ్మట స్నానానికి పూనుకున్నాము. మోచేయి ముంచితే గోరువెచ్చగా తోచినంత వేడి చాలును. మరిగిన నీరు చర్మాన్ని కాల్చుతుంది. చెవులలోనికి నీరు పోకుండ జాగ్రత్తపడి, తలను తడిగుడ్డతో మాత్రమే తుడిచి, మెడ నుండి వెనుకకు కొంచెం కొంచెంగా పోశాము. మన సబ్బు వాడలేదు. కుక్క చర్మం మన చర్మం వలె ఆమ్లగుణం కలది కాదు. మన సబ్బు దానిని ఎండగట్టి దురద పుట్టిస్తుంది. గోమార్లు పోవడానికి కిరసనాయిలు పూసేవారున్నారు. అది చర్మాన్ని మండించడమే గాక, నాకినచో విషమవుతుంది.

అసలు పని నీరు పోయడం ముగిసిన తరువాతనే మొదలవుతుంది. పై వెంట్రుకలు ఆరినట్లు కనిపించినా, అడుగున తడి నిలిచే ఉంటుంది. కడగడానికి పది నిమిషాలు పట్టగా, ఆరబెట్టడానికి గంటకు పైగా పట్టింది. పొట్ట క్రింద, కాలివ్రేళ్ళ నడుమ మూడు తువ్వాళ్ళు మార్చి ఒత్తాము. నాలుగవదిగా తన పాత బొంతను తెచ్చి ఇచ్చినది అమ్మీజానే. “అది నోరులేనిది, చలి అని చెప్పలేదు కదా బేటా” అన్నారు.

కుక్క నోరు పెట్టిన పాత్రను పలుమార్లు కడగమని హదీసులలో ఉంది. దాహంతో అలమటిస్తున్న కుక్కకై బావిలోనికి దిగి, తోలు మేజోడుతో నీరు తెచ్చి త్రాగించిన మనిషిని అల్లాహ్ క్షమించాడన్న వృత్తాంతమూ ఆ హదీసులలోనే ఉంది. శుభ్రతకూ కరుణకూ వైరం లేదని ఆనాడు మా వాకిట మాకు బోధపడింది. రెంటికీ కావలసినది ఎండ వచ్చేదాక నాలుగైదు గంటల ఓపిక మాత్రమే.

విద్యార్థి మిత్రులారా! మీ ఇళ్ళలో కుక్కలు ఉంటే చలికాలంలో వాటిని తరచుగా తడపకండి. పొడి దువ్వెన, తడిగుడ్డ చాలా దినాలకు సరిపోతాయి. రెండు నెలలు నిండని పిల్లలకు, జబ్బుపడిన వాటికి పశువైద్యుని అడగనిదే స్నానం చేయించవద్దు. తప్పనిసరిగా కడగవలసి వస్తే, నీళ్ళకు ముందే తువ్వాళ్ళు సిద్ధం చేసుకోండి. కడగడం మన ఇంటి శుభ్రత కొరకు. ఆరబెట్టడం ఆ జీవి కొరకు. మొదటిది చేసి రెండవది మరచినవాడు సగం పని కూడ చేయనట్లే.